కాస్త ఇది పట్టుకో

బాబాయ్ ఏ పని మొదలుపెట్టినా ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకోవాలి. గోడకి మేకు కొట్టాలంటే ఒకరు మేకు పట్టుకోవాలి, ఒకరు స్టూలు పట్టుకోవాలి, ఇంకొకరు గుమ్మంలో నిలబడి "కొంచెం ఎడమకి" అనాలి. ఆ మూడోవాళ్ళకి పట్టుకోవడానికి ఏమీ మిగలకపోతే బాబాయ్ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చేవాడు. "ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది? కాస్త ఇది పట్టుకో."

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆయన మలుపు తిరిగాక మాత్రం 'పట్టుకో బాబాయ్'. ఆయన బాబాయ్ కాబట్టి ఆయన భార్య అందరికీ పిన్ని అయింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ పట్టుకున్నది పిన్నే. టార్చిలైటు పట్టుకుంది, నిచ్చెన పట్టుకుంది, ఫ్యాను రెక్క పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిల్ చైను మీదికి టార్చి వేసి పట్టుకుంది.

"ఇంత ఎండలో టార్చి ఎందుకండీ?" అని అడిగింది ఆ రోజు.

"ఎండ అన్నింటి మీదా పడుతుందోయ్. టార్చి మనకి కావలసిన చోట పడుతుంది" అన్నాడు బాబాయ్. పిన్ని టార్చి ఇంకాస్త దగ్గరికి జరిపింది.

నిజానికి వాళ్ళిద్దరి పరిచయమే అలా మొదలైంది. బాబాయ్‌ది కళ్ళజోళ్ళ షాపు. పిన్ని వాళ్ళ నాన్న కళ్ళజోడు బాగుచేసి ఇవ్వడానికి ఒకసారి వాళ్ళింటికి వచ్చాడు. తలుపు తీసిన అమ్మాయి చేతిలో కళ్ళజోడు డబ్బా పెట్టాడు. "కాస్త ఇది పట్టుకోండి." దాని మీద తుడిచే గుడ్డ, గుడ్డ మీద గొడుగు, గొడుగు పక్కన తన టోపీ. అన్నీ పట్టుకున్నాక ఆ అమ్మాయి లోపలికి పోలేదు, తలుపు వేయలేదు, ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. ఇక చేసేదేముంది, మాట్లాడింది.

"ఆ రోజు పట్టుకున్నది ఇంకా దించలేదు" అని పిన్ని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

బాబాయ్ పనిముట్లు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఆ డబ్బా మూత 'టంగు'మందంటే వీధి వీధంతా ఖాళీ. పక్కింటి లెక్కల మాస్టారికి అప్పటికప్పుడు స్నానం గుర్తొచ్చేది. ఎదురింటి టైలర్ మిషను ఒక్కసారిగా వేగం అందుకునేది. పోస్టుమ్యాన్ అయితే సైకిల్ వెనక్కి తిప్పి, అవతలి చివర నుంచి ఉత్తరాలు పంచుకుంటూ వచ్చేవాడు. అయినా బాబాయ్‌కి ఎవరో ఒకరు దొరికేవారు.

ఒకసారి మెట్ల దగ్గర బల్బు పోయింది. నీళ్ళ మోటారు మోత మీద గొడవపడి, ఎదురింటి టైలరూ, ఆ ఇంటి మేడమీద ఉండే బ్యాంకాయనా మాట్లాడుకోవడం మానేసి అప్పటికి చాలాకాలమైంది. బాబాయ్ వెతికి వెతికి వాళ్ళిద్దరినే పట్టుకొచ్చాడు. టైలర్‌ నిచ్చెన ఒక కాలు పట్టుకున్నాడు, బ్యాంకాయన రెండో కాలు. పైన బాబాయ్ బల్బు తిప్పుతూనే ఉన్నాడు. ఒక బల్బుకి అన్ని మరలు ఉంటాయని వాళ్ళకి అంతకుముందు తెలియదు. నిచ్చెన దిగేసరికి కింద ఇద్దరూ తప్పంతా మోటారు అమ్మినవాడిదేనని తేల్చేసుకుని, వాణ్ణి తిట్టుకుంటూ కలిసి టీకి వెళ్ళిపోయారు.

"వెలుగు బాగా వచ్చింది" అన్నాడు బాబాయ్ బల్బు కేసి చూస్తూ.

"పాలు కూడా బాగా పొంగాయి. మిమ్మల్ని చూస్తూ నిలబడితే స్టవ్వంతా పాలే" అంది పిన్ని.

మూలింటి బామ్మ సంగతీ అంతే. ముసలాయన పోయాక ఆవిడ తలుపు తీయడం మానేసింది. బాబాయ్ పడకకుర్చీ గుడ్డ చిరిగిందని సూదీ దారం పట్టుకుని వెళ్ళి ఆవిడ తలుపే తట్టాడు. "బామ్మా, కాస్త ఈ దారపుండ పట్టుకుంటావా? దొర్లిపోతోంది." ఉండ పట్టుకోవడానికి బయటికొచ్చిన బామ్మ కుట్టు చూసి ఊరుకోలేకపోయింది. "ఇదేం కుట్టు నాయనా, కోడి గీకినట్టు?" అని సూది లాక్కుంది. మర్నాటి నుంచి ఆవిడే కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అడిగేది, "ఇవాళ ఏమైనా పట్టుకోవాలా?" అని.

"అయిపోయాం. ఇప్పుడు ఇంటికొచ్చి మరీ పట్టుకుంటున్నారు" అని తల పట్టుకునేది పిన్ని.

ఇలాంటి మనిషికి ఒక కారు. ఆ కారుకి నాలుగు తలుపులు. అందులో డ్రైవరు వైపు తలుపు హ్యాండిల్ ఒక పొద్దున బాబాయ్ లాగగానే ఊడి చేతిలోకొచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, గుమ్మంలో నిలబడ్డ పిన్ని దగ్గరికి నడిచివెళ్ళాడు.

"ఏమోయ్, కాస్త ఇది పట్టుకో."

"ఇదేమిటండీ?"

"కారు."

ఆ రోజు నుంచి బాబాయ్ అవతలి తలుపులోంచి ఎక్కి, గేరు రాడ్డు మీదుగా పాకి, తన సీట్లోకి చేరుకునేవాడు. పాకేటప్పుడు పొట్ట హారన్‌కి తగిలేది. 'పీ...' అని వినిపిస్తే బాబాయ్ షాపుకి బయల్దేరాడని, మళ్ళీ 'పీ...' అంటే ఇంటికొచ్చి అలవాటుగా అదే దారిన దిగుతున్నాడని వీధికంతా తెలిసేది. లెక్కల మాస్టారు గడియారం చూసుకోవడం మానేశాడు.

కొత్త హ్యాండిల్ ఆ వారంలోనే కొన్నాడు. కొని డిక్కీలో పెట్టాడు. అది అక్కడే ఉంది.

"మెకానిక్‌కి ఇస్తే టీ తాగి వచ్చేలోపు బిగించేస్తాడు కదండీ!"

"తలుపు హ్యాండిల్‌కి మెకానిక్ ఎందుకు? ఇంట్లో బిగించుకునేదే. ఇద్దరు పట్టుకుంటే చాలు."

"నేనున్నానుగా. ఆ టైలర్‌ని పిలవండి."

"టైలర్ చెయ్యి లావు. తలుపు సందులో పట్టదు."

"మాస్టారు?"

"ఆయన చెయ్యి సన్నమే, కానీ వణుకుతుంది."

"బామ్మ?"

"బామ్మ పట్టుకుంటే నేనే పక్కకి తప్పుకోవాలి. స్పానర్ లాగేసుకుంటుంది."

"అయితే ఎవరి కోసం చూస్తున్నారు? మహారాణిగారెవరైనా రావాలా?"

"సన్నటి చెయ్యి కావాలోయ్. కాస్త ఓపికున్న చెయ్యి. దొరుకుతుందిలే" అని బాబాయ్ అవతలి తలుపులోంచి కారెక్కాడు. పీ...

పిన్నికి ఆ రోజుల్లో హ్యాండిల్ కంటే పెద్ద బెంగ ఒకటుంది. అదేమిటో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

పిన్నికి ఒక్కతే చెల్లెలు. అదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల. ఆ చెల్లెలు కిందటేడు ఇంటికి రంగు వేయించింది. చూడ్డానికి వెళ్ళిన పిన్ని గుమ్మంలో కాలు పెట్టి, చుట్టూ చూసి, "ఏమే, ఏ ఆస్పత్రికొచ్చాం మనం? డాక్టరుగారున్నారా?" అంది. వచ్చినవాళ్ళంతా పగలబడి నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

మాటల్లేవు సరే, ఒకరింట్లో ఒకరి సామాన్లు ఎన్నో ఉండిపోయాయి. చెల్లెలు వాటిని ఒక్కొక్కటే తెచ్చి వాపసు చేయడం మొదలుపెట్టింది. గేటు దగ్గర పెడుతుంది, బెల్లు కొడుతుంది, పిన్ని చెంగు సర్దుకుని బయటికొచ్చేసరికి మలుపు తిరిగిపోతుంది. కుక్కరొచ్చింది. గొడుగొచ్చింది. పెద్ద బకెట్టొచ్చింది. బెల్లు మోగిన ప్రతిసారీ పిన్ని పరుగెత్తుకుంటూ వెళ్ళేది, సామాను పట్టుకుని మెల్లగా తిరిగొచ్చేది. ఇక మిగిలింది ఒక్క ఇస్త్రీ పెట్టె. అదీ వచ్చేస్తే చెల్లెలు ఈ గేటు దగ్గరికి రావలసిన పనే ఉండదు.

అంతలో పాలవాడు చెప్పాడు. "మీ చెల్లెలుగారికి రేపటి నుంచి పాలొద్దన్నారమ్మా. ఆయనకి బదిలీ అయిందట కదా! సోమవారం లారీ వస్తుందట. చాలా దూరమట. మీకు తెలీదూ?"

"ఎందుకు తెలీదు? తెలుసు" అంది పిన్ని. గిన్నె నిండి పాలు చేతి మీదుగా కారుతున్నా చూసుకోలేదు.

లోపలికొచ్చి బాబాయ్‌తో, "పోతే పోనీండి. నాకేం? వాళ్ళ బదిలీ, వాళ్ళ లారీ" అంది. ఆ మాటే వంటింట్లో ఒకసారి, పెరట్లో ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి అంది. బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే 'టంగు'మంది బిస్కెట్ల డబ్బా మూత.

"ఇవాళ హ్యాండిల్ బిగించేద్దాం" అన్నాడు బాబాయ్.

"సన్నటి చెయ్యి దొరికిందా?"

"ముందు విప్పుదాం రా."

బాబాయ్ కారు తలుపు లోపలి నుంచి బార్లా తెరిచి, లోపలివైపు అట్ట విప్పడం మొదలుపెట్టాడు. మరలు తీసి పిన్ని అరచేతిలో పోశాడు. అంచుల చుట్టూ ఉన్న క్లిప్పులు టప్‌టప్‌మని ఊడాయి. అట్ట తీస్తే లోపల తలుపంతా డొల్ల. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, కాగితం వెనక చెయ్యి పట్టేంత కంత. విరిగిన ముక్కని బయటికి లాగేసి, కొత్త హ్యాండిల్‌ని బయటివైపు నుంచి దాని చోట్లో కూర్చోబెట్టాడు.

"ఇదిగో, దీన్ని లోపలికి నొక్కి పట్టుకో. వదిలావంటే తలుపు లోపలికి జారిపోతుంది. మళ్ళీ మొదటికొస్తాం."

పిన్ని తలుపుకి బయటివైపు నిలబడి రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఎవరో వంగి ఏదో పెట్టిన చప్పుడైంది. బెల్లు మీదికి ఒక సన్నటి చెయ్యి వెళ్తోంది.

"అమ్మాయ్! దేవతలా వచ్చావు! పరుగెత్తుకుంటూ రా, పడిపోతోంది!" అని అరిచాడు బాబాయ్.

ఏం పడిపోతోందో చెల్లెలికి తెలియదు. పడిపోతోందంటే ఎవరైనా పరుగెత్తుకొస్తారు. ఇస్త్రీ పెట్టెతో సహా వచ్చేసింది. వచ్చాక చూస్తే ఎదురుగా అక్క.

"బావా, నేను ఇది ఇచ్చేసి..."

"దాన్నక్కడ పెట్టు. ఈ కంతలో చెయ్యి పెట్టు. తగిలిందా కడ్డీ? పైకెత్తి అలా పట్టుకో. అబ్బ, ఏం చెయ్యమ్మా! ఇలాంటి చెయ్యి కోసమే చూస్తున్నా."

చెల్లెలి చెయ్యి తలుపు లోపల. పిన్ని చేతులు తలుపు బయట. మధ్యలో తలుపు. అద్దం దించిన కిటికీకి చెరోవైపు రెండు ముఖాలు, మధ్యన జానెడు దూరం. ఒకటి ఉత్తరం చూస్తోంది, ఒకటి దక్షిణం చూస్తోంది. బాబాయ్ తలుపు కింద దూరి స్పానర్ కిటకిటలాడించాడు.

"ఏమండీ, ఆవిడకి చెప్పండి, కడ్డీ కదిలిపోతోందని."

"బావా, నేను కదపట్లేదని చెప్పు. నొక్కేవాళ్ళే సరిగ్గా నొక్కట్లేదని చెప్పు."

"నొక్కడం నాకు ఒకరు నేర్పక్కర్లేదని చెప్పండి."

"నొక్కడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరని నాకూ తెలుసని చెప్పు బావా."

బాబాయ్ తలుపు కింద నుంచి బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు. "ఈ స్పానర్ సరిపోవట్లేదు. టైలర్ దగ్గర ఒకటుంది, చిటికెలో తెస్తాను. ఇద్దరిలో ఎవరు వదిలినా మొత్తం ఊడి లోపల పడుతుంది. ఇక తలుపు కోయాల్సిందే. వదలకండేం!"

"త్వరగా రండి" అంది పిన్ని.

బాబాయ్ గేటు దాటుతుంటే ఆయన వెనక జేబులోంచి ఇంకో స్పానర్ తొంగి చూస్తోంది. "ఏమండీ, జేబులో..." అనబోయింది. ఆయన అప్పటికే టైలర్ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ టీ గ్లాసుల చప్పుడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పట్టుకుని నిలబడ్డారు. వీధిలో చీపురు చప్పుడు. ఎక్కడో రేడియో. పిన్ని కారు టైరు వంక చూసింది. చెల్లెలు ఆకాశం వంక చూసింది. అప్పుడొక ఈగ వచ్చి పిన్ని ముక్కు మీద వాలింది.

పిన్ని మూతి ఎడమకి తిప్పింది. ఈగ కదల్లేదు. మూతి కుడికి తిప్పింది. ఈగ కాళ్ళు రుద్దుకుంది. ముక్కు ఎగబీల్చి, బుగ్గలు పొంగించి, కనుబొమలు ఎగరేసింది. ఈగ ముక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరకి షికారు చేసింది.

చెల్లెలు ఆకాశం చూడటం మరిచిపోయింది.

"ఏం చూస్తావే? ఊదు!" అంది పిన్ని.

చెల్లెలు మెడ చాచి 'ఫూ' అని ఊదింది. ఈగ లేచి ఈసారి చెల్లెలి నుదుటి మీద వాలింది. పిన్ని 'ఫూ' అంది. ఈగ మళ్ళీ పిన్ని చెవి మీదికి. 'ఫూ'. ఇద్దరూ బుగ్గలు ఉబ్బించి ఒకరి ముఖం మీద ఒకరు ఊదుకుంటుంటే, స్నానం వంకతో లోపల దాక్కున్న లెక్కల మాస్టారు కిటికీలోంచి చూసి, వెంటనే రెక్క మూసేశాడు. ఆ చప్పుడుకి ముందు చెల్లెలికి నవ్వొచ్చింది. తర్వాత పిన్నికి. ఇక ఆగలేదు.

నవ్వు తగ్గాక చెల్లెలు నెమ్మదిగా అంది, "ఆ రంగు నాకూ నచ్చలేదక్కా."

"ఏమిటీ?"

"నేను చెప్పింది లేతాకు రంగు. పెయింటరు ఏదో కలిపాడు. అయిపోయాక చూసుకుంటే అచ్చం ఆస్పత్రే. నువ్వొచ్చే ముందు వంటింట్లో కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను. నువ్వు రాగానే అదే మాట అన్నావు. అందరి ముందూ."

"ఆ మాట నాతో చెప్పచ్చుగా! ఆ పెయింటరు పీక పట్టుకునేదాన్ని."

"చెప్పనిచ్చావా? డాక్టరుగారున్నారా అన్నావు."

పిన్ని హ్యాండిల్‌ని ఇంకాస్త గట్టిగా నొక్కింది. "నా నోరు అంతేనే. నీకు తెలుసుగా. పుట్టినప్పటి నుంచీ వింటున్నావు" అంది. మళ్ళీ తనే, "నువ్వు మాత్రం? ఊరు వదిలి వెళ్ళిపోతున్నావని నాకు పాలవాడు చెప్పాలా?"

"చెబుదామనే వచ్చేదాన్ని. కుక్కర్‌తో వచ్చాను, గొడుగుతో వచ్చాను. నీ అడుగుల చప్పుడు వినగానే భయమేసి పారిపోయేదాన్ని."

"పిచ్చి మొహమా! నేను పరుగెత్తుకుంటూ వచ్చేది నువ్వు వెళ్ళిపోకముందే పట్టుకుందామనే."

తలుపుకి చెరోవైపు నిలబడి ఇద్దరూ ఒక ఏడాది మాటలన్నీ అక్కడే మాట్లాడేసుకున్నారు. కొత్త ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయో, ఆ ఇంటికి ఏ రంగు వేయించకూడదో, మరిదిగారి మోకాలి నొప్పి ఏమైందో. మాటల మధ్యలో చెల్లెలికి కళ్ళు చెమర్చాయి. అలవాటుగా చెయ్యి బయటికి లాగి కళ్ళు తుడుచుకుంది.

తుడుచుకుని కెవ్వుమంది. "అక్కా! కడ్డీ వదిలేశాను!"

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లోపల ఏమీ పడలేదు. పిన్ని మెల్లగా ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యీ తీసింది. హ్యాండిల్ బండరాయిలా కదలకుండా కూర్చుని ఉంది. పట్టుకుని లాగి చూసింది. తలుపు గొళ్ళెం 'టక్'మని చక్కగా పలికింది.

"ఇది ఎప్పుడో బిగిసిపోయిందే!"

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. "మొన్న నా కళ్ళజోడు మర ఊడిపోతే బావ షాపుకి వెళ్ళానక్కా. ఆవగింజంత మర. బావ ఒంటి చేత్తో బిగించేశాడు. రెండో చేత్తో టీ తాగుతున్నాడు. ఇస్త్రీ పెట్టె ఎప్పుడు తెస్తావమ్మా అనడిగాడు. ఆదివారం పొద్దున అని చెప్పాను."

పిన్ని ఎదురింటి వంక చూసింది. టైలర్ అరుగు మీద బాబాయ్ ఖాళీ గ్లాసు పట్టుకుని, ఇటు చూడనట్టు చూస్తున్నాడు. పక్కన బ్యాంకాయన కూర్చుని ఉన్నాడు. వాళ్ళకి కాస్త అవతల బామ్మ కర్ర పట్టుకుని టైలర్ కుట్టుకి వంకలు పెడుతోంది. నిచ్చెన, బల్బు, దారపుండ, తన చేతిలోని గొడుగూ టోపీ అన్నీ ఒక్కసారి పిన్ని కళ్ళ ముందు తిరిగాయి. మిట్టమధ్యాహ్నం టార్చి కూడా.

బాబాయ్ అరుగు మీద నుంచి లేచాడు.

"వస్తున్నారే! పట్టుకో, పట్టుకో!" అంది పిన్ని.

చెల్లెలి చెయ్యి చటుక్కున కంతలోకి దూరింది. పిన్ని రెండు చేతులతో హ్యాండిల్ నొక్కేసింది. ఇద్దరూ ముఖాలు ముడుచుకుని, ఒకరు ఉత్తరానికీ ఒకరు దక్షిణానికీ తిరిగారు.

"వదల్లేదు కదా?" అన్నాడు బాబాయ్ గాభరాగా.

"చేతులు పడిపోతున్నాయండీ! స్పానర్ దొరికిందా?"

"ఎక్కడోయ్! వెతికి వెతికి చూస్తే నా జేబులోనే ఉంది." తలుపు కింద దూరి, బిగిసి ఉన్న నట్లనే ఇంకాసేపు కిటకిటలాడించాడు. పైన ఇద్దరూ నవ్వు ఆపుకోలేక పెదవులు కొరుక్కుంటుంటే తలుపు సన్నగా వణికింది.

"వణక్కండి, వణక్కండి! అయిపోవచ్చింది" అన్నాడు కింద నుంచి.

అట్ట బిగించాక బాబాయ్ కొత్త హ్యాండిల్ లాగి తలుపు తీశాడు. దర్జాగా తన సీట్లో కూర్చున్నాడు. చప్పుడు లేదు. లెక్కల మాస్టారు కిటికీ తెరిచి టైమెంతయిందని అడిగాడు. బాబాయ్ ఆయన కోసం ఒకసారి హారన్ కొట్టాడు. పీ...

"రా అమ్మాయ్, మీ ఇంటి దగ్గర దింపుతాను. సామాను కట్టాలి కదా!"

"మేమిద్దరం వస్తాం. కట్టేటప్పుడు తాడు ఎవరో ఒకరు పట్టుకోవాలిగా" అంది పిన్ని.

చెల్లెలు కారెక్కబోతూ ఆగి, గోడవార ఉన్న ఇస్త్రీ పెట్టె చూపించింది. "అక్కా, అది లోపల పెట్టుకో. అదొక్కటే మిగిలింది. ఇంక నీవేమీ నా దగ్గర లేవు."

పిన్ని ఇస్త్రీ పెట్టె తీసుకుంది. వైరు చుట్టి ముడి వేసింది. దాన్ని తెచ్చి, కారులో కూర్చున్న చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"తలుపు తాళం వేసి వస్తాను. కాస్త ఇది పట్టుకో."